కొత్వాలికి వెలుపలి పోలీసు చరిత్ర

హైదరాబాదు రాజ్యమున పోలీసు శాఖ పెరిగిన విధమును గూర్చి మనవారు వ్రాయు వ్రాతలు చాలవఱకు ఒకే త్రోవను నడచుచున్నవి. మొదట కొత్వాలు, పిమ్మట మొదటి సాలారుజంగు సంస్కరణములు, అటుపిమ్మట 1920 మొదలు 1934 వఱకు నగర కొత్వాలుగా నుండిన రాజా బహద్దరు వేంకటరామారెడ్డిగారి దక్షత, తుదకు 1948 సెప్టెంబరు. ఇందు అసత్యము లేదు. వేంకటరామారెడ్డిగారి యెడ నాకును మిక్కిలి గౌరవము కలదు. కాని యీ చరిత్ర నగర ప్రాకారము లోపలనే తిరుగుచున్నది. ఉత్తరముగా ఎనిమిది తొమ్మిది క్రోసులు పోయి మేడ్చలులోనో, శామీరుపేటలోనో నిలిచి చూచినచో కొత్వాలు కనబడడు. కనబడువాడు పోలీసు పటేలు.

మేడ్చలు ఆనాడు అత్రాఫె బల్దా జిల్లాలో నొక తాలూకా. ఆ జిల్లా సర్ఫెఖాసు, అనగా నిజాము ప్రభువుయొక్క సొంత యాస్తి. 1865 లో సాలారుజంగు జిల్లాబందీ చేసి, పన్ను గుత్తదారులను తొలగించి, జీతములు పుచ్చుకొను ఉద్యోగులను జిల్లాలలో నిలిపెను. ఇది గొప్ప మార్పే. అయినను సర్ఫెఖాసు రైతు భూమికి యజమానియు, దేశమునకు ప్రభువును ఒక్కడే. పన్ను కఠినమైనదని మొఱపెట్టుకొనుటయు, వసూలులో దెబ్బలు తగిలినవని మొఱపెట్టుకొనుటయు తుదకు ఒకే వాకిటికి చేరవలసినదే.

గ్రామమున వతనుదారులు మువ్వురు: మాలి పటేలు పన్ను వసూలు చేయును, పట్వారి లెక్కలు వ్రాయును, పోలీసు పటేలు శాంతిభద్రతలు చూచును. నేరము జరిగినచో ఠాణాకు వర్తమానమంపుట, పంచనామాకు పెద్దలను కూర్చుట, జననమరణములు వ్రాయించుట ఇతని పనులు. పనులు మూడుగా విభజింపబడినవి గాని, పదవులు వంశపారంపర్యములు. పెక్కు గ్రామములలో ఆ మువ్వురును బంధువులో, ఒకే లోగిలివారో. పన్ను బాకీదారుని తెచ్చి నిలుపుమనువాడును, నిలిపినవాని గోడు వినవలసినవాడును ఒకే పంక్తిని భోజనము చేయుచుండగా విభజన కాగితముమీదనే యుండెను.

ఆ పటేలు ఆజ్ఞను కాళ్లతో నడిపినవాడు సేతుసింధి. రాత్రి గస్తీ, దొంగల జాడ తీయుట, కబురు మోయుట, వసూలైన సొమ్మునకు కాపుగా తాలూకా కచేరీకి నడచుట, అమీను సాహెబు వచ్చినప్పుడు ఆయన సామాను తలకెత్తుకొనుట, ఇవన్నియు ఇతని విధులే. ప్రతిఫలము గ్రామమునుబట్టి కొంచెము ఇనాము భూమియో, కళ్లమున కొన్ని మానికల గింజలో. ఆ నడకలో కొలువెంత, వెట్టి యెంత యని విడదీయుట యెవరికిని సాధ్యము కాలేదు. 1921 లో నేర్పడిన ఆంధ్ర జనసంఘము వెట్టిని నిరసించెను. ప్రభుత్వమును నిషేధపు టుత్తరువు లిచ్చెను. అయితే ఆ యుత్తరువును గ్రామమున చాటింపవలసినవారెవరు? వెట్టి పుచ్చుకొను వారే! వెట్టిని గూర్చి వ్రాసిన మన సంస్కర్తలు దొరను, దేశముఖును నిందించిరి, న్యాయమే. పోలీసు వ్యవస్థయే వెట్టిమీద నిలిచియున్నదను సంగతిని మాత్రము తగినంత యెత్తి చూపలేదని నా యభిప్రాయము.

ఇఁక సరిహద్దుల చిక్కు. మేడ్చలునుండి నగరమునకు పోవు బాటసారి బొల్లారము, తిరుమలగిరి, సికిందరాబాదు దాటవలెను. 1945 ప్రాంతము వఱకు అచ్చట నడచినది ఇంగ్లీషువారి అధికారము. రైలు పట్టాలు పఱచిన నేల సంగతి మఱియు వింత. 1895 లో మహమ్మదు యూసుఫుద్దీనను నతనిని, సిమ్లా మేజిస్ట్రేటు వారంటుతో, నగరమునకు పడమటనున్న శంకరుపల్లి రైలు స్టేషనులో పట్టుకొనిరి. 1897 లో లండను ప్రీవీ కౌన్సిలు ఆ నిర్బంధము చెల్లదనెను. రైలు నేలమీద ఇంగ్లీషువారికి రైల్వే పనులకు సంబంధించిన యధికారమే కలదుగాని, ఎక్కడి నేరమునకైనను మనుష్యుని పట్టుకొను నధికారము లేదని దాని భావము. శామీరుపేట సేతుసింధి ఈ తీర్పును విని యుండడు. వాడు తరిమిన దొంగ కంటోన్మెంటు పొలిమేర దాటినచో నిలిచిపోవలసిన దక్కడనే యని మాత్రము వానికి తెలిసియుండును.

ఆ కాలమున పోలీసు అనుమతి లేనిదే సభ జరుపరాదని గస్తీ నిషాన్ 53 శాసించెను. దొంగను పట్టుటకు సాధనములు చాలని శాఖకు, గ్రంథాలయ సభకు పోగైనవారిని లెక్కించుటకు మాత్రము జవానులు చాలిరి! పిదప 1948 సెప్టెంబరులో సైన్యము టాంకులతో ప్రవేశించినప్పుడు దానికి 'పోలీసు చర్య' యని పేరుపెట్టిరి. చరిత్రకారులు ఆ మాటను నేటికిని ఉదాసీనముగా వాడుచున్నారు. సేనల పనికి పోలీసు పేరిడుట రాజనీతి కావచ్చును, చరిత్ర కాదు.

1949 లో సర్ఫెఖాసు దివానీలో కలిసెను. అత్రాఫె బల్దా హైదరాబాదు జిల్లాలో లీనమాయెను. పటేలు మాత్రము మఱి ముప్పదియైదేండ్లు నిలిచెను. 1984 లో ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వము పటేలు పట్వారీల పదవులను ఒక్కసారిగా రద్దుచేసెను. ఆ పనిని నేను మెచ్చుకొందును. 2003 తరువాత మేడ్చలు, శామీరుపేట ఠాణాలు సైబరాబాదు కమిషనరేటులో చేరినవి. నగరమునకై పుట్టిన పద్ధతి పల్లెకు వచ్చినది. ఈ పద్ధతిలో కమిషనరునకు మేజిస్ట్రేటు అధికారములు కొన్ని కలవు. పట్టుకొను చేయియు, జామీను వ్రాయించుకొను చేయియు ఒకటియే యగుట పటేలు కాలపు దోషమని మనము చెప్పుకొనుచుంటిమి. 1348 ఫసలీలో, అనగా 1938-39 లో, నిజాము ప్రభుత్వము చేసిన హైదరాబాదు నగర పోలీసు చట్టము తెలంగాణ చట్టములలో నేటికిని నిలిచియున్నది. శామీరుపేటలోనే నల్సార్ న్యాయశాస్త్ర విశ్వవిద్యాలయము కలదు. అచ్చటి విద్యార్థులెవరైన ఈ వంశవృక్షమును వ్రాసిన బాగుండును.

పటేలు పోయినను వాని క్రింది సేవకులు పోలేదు. కావలి పని ఠాణాకు పోగా, నీరడి, మస్కూరి, సేతుసింధి వంశములవారు పలువురు రెవెన్యూ శాఖలో గ్రామ సేవకులుగా, పిదప గ్రామ రెవెన్యూ సహాయకులను పేరుతో మిగిలిరి. వారిని ఇతర శాఖలలో చేర్చి క్రమమైన జీతపు స్కేలు ఇచ్చుట 2023 లో జరిగినది. సాలారుజంగు జిల్లాబందీ నాటినుండి లెక్కించినచో నూట యేబదియెనిమిది సంవత్సరములు.