ఒట్టు తీసి గట్టున పెట్టనివ్వని పనితనం

"వాడు కాణిపాకంలో ప్రమాణం చేసొచ్చినాడంట." మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు ఈ మాట వినబడిందంటే, ఆ ఇంట్లో తాగుడో పేకాటో కొంప మీదికి తెచ్చిందని అర్థం. పుష్కరిణిలో మునిగి, తడిబట్టలతో వరసిద్ధి వినాయకుడి ముందు నిలబడి, ఇక ముట్టనని చెప్పి వస్తారు. సత్యప్రమాణాల దేవుడని ఆయనకు పేరు. మాట తప్పినవాణ్ణి వదలడని నమ్మకం.

ఈ ప్రమాణం వెనక ఉన్న భక్తి గురించి చాలామంది రాశారు. నేను దాన్ని ఒక పనివాడు చేసిన వస్తువుగా చూడదలిచాను. మంచి వడ్రంగి బిగించిన తలుపు దగ్గర ఆగి, గడియ ఎక్కడుంది, బందు ఎట్లా కుదిరింది అని తడిమి చూస్తామే, అట్లా. ఎందుకంటే చాలా దేశాలు ఇప్పుడు జూదరుల కోసం ఇలాంటి తలుపులే చేస్తున్నాయి. స్వీయ బహిష్కరణ అంటారు దాన్ని. జూదరి తానే వెళ్లి "నేనొస్తే లోపలికి రానివ్వకండి" అని రాసిస్తాడు.

ఇందులోని అసలు తెలివి వేళను పట్టుకోవడంలో ఉంది. ధర్మరాజు సంగతే చూడండి. మొదటి జూదంలో పోయినదంతా ధృతరాష్ట్రుడు తిరిగిచ్చేశాడు. ఇంద్రప్రస్థం దారిలో ఉండగానే మళ్లీ పిలుపొచ్చింది, వెనక్కి తిరిగాడు. జూదానికి పిలిస్తే కాదనకూడదన్నది ఆయన పట్టుకున్న నియమం. పన్నెండేళ్ల అరణ్యవాసం, ఏడాది అజ్ఞాతవాసం ఆ రెండో ఆట ఫలమే. అంత ధర్మం తెలిసినవాడికి కూడా పిలుపు చెవిన పడ్డాక ఆలోచన పనిచేయలేదు. పిలుపు రాకముందే గడియ వేసుకోవాలి. పోయింది రాబట్టుకోవాలన్న ఆత్రం లేచాక ఆ చెయ్యి గడియ వేయదు.

కాణిపాకం ప్రమాణంలో ఈ పనితనం పుష్కలంగా ఉంది. బస్సెక్కి వెళ్లాలి, ఇంటివాళ్లు వెంట రావాలి, చన్నీళ్లలో మునగాలి. మనసు మరిచినా ఒళ్లు మరవదు. లోపం గడువు లేకపోవడంలో ఉంది. జన్మంతా అన్నాక, ఒక్కసారి తప్పితే అంతా పోయినట్టే అనిపిస్తుంది. తప్పినవాడు సిగ్గుతో దాచుకుంటాడు, దాచుకున్నవాడు ఇంకా లోతుకు దిగుతాడు. పైగా పేకాట ఆడించేవాడికి ఈ ఒట్టు సంగతే తెలియదు.

అయ్యప్ప మాల ఆ రెండు లోపాలనూ సర్దుకుంది. నలభై ఒక్క రోజులని గడువుంది. నల్లబట్టలు, మెడలో మాల చూశాక వీధిలో ప్రతివాడూ సాక్షే. నిన్నటిదాకా "రారా, ఒక చెయ్యి తగ్గింది" అన్నవాడే ఇవాళ "స్వామీ" అని పక్కకు తప్పుకుంటాడు. తలుపు కాసేవాడికి మనిషిని గుర్తుపట్టే వీలు కల్పించడం చిన్న సంగతి కాదు. కానీ మాల తీసిన మర్నాడు తలుపు దానంతటదే బార్లా తెరుచుకుంటుంది.

నాకు అబ్బురమనిపించే పని సరిగ్గా ఈ లోపం మీదే బ్రిటన్‌లో జరిగింది. అక్కడ గామ్‌స్టాప్ అనే ఉచిత ఏర్పాటు 2018లో మొదలైంది. పేరు, పుట్టిన తేదీ, చిరునామా, ఈమెయిల్ ఒక్కసారి ఇస్తే చాలు. లైసెన్సున్న ఆన్‌లైన్ జూదపు కంపెనీలన్నీ ఆ మనిషిని ఆపాలి. 2020 మార్చి 31 నుంచి అందులో చేరడం వాళ్లకు తప్పనిసరి. ఆరు నెలలా, ఏడాదా, ఐదేళ్లా అన్నది ఎంచుకోవచ్చు. ఎంచుకున్నాక మధ్యలో బతిమాలినా తీయరు. గడువు తీరినా తలుపు దానంతటది తెరుచుకోదు, మనిషే అడగాలి. అడిగాక ఇరవై నాలుగు గంటలు ఆగాలి. ఆ ఒక్క రోజు ఎడంలో ఎంత మనిషితనం తెలిసిన చెయ్యి ఉందో! మూసేటప్పుడు ఒక్క అడుగు, తెరిచేటప్పుడు రెండు మెట్లు. అమెరికాలో మిస్సోరి 1996లో ఇలాంటి జాబితా పెట్టినప్పుడు అది జీవితాంతానికి ఉండేది. తర్వాత ఐదేళ్లకు బయటికి రమ్మని అడిగే వీలిచ్చారు. ఆ సడలింపు సరైనదనే నా అభిప్రాయం. భరించగలిగిన గడువునే మనిషి మోస్తాడు.

సింగపూరు ఇంకో పని చేసింది. 2010లో అక్కడ కాసినోలు తెరిచారు. వాటిలోకి రానివ్వవద్దని జూదరే కాదు, భార్యో, తల్లో, కొడుకో, తోబుట్టువో కూడా దరఖాస్తు పెట్టవచ్చు. విచారించి ఉత్తర్వు ఇస్తారు. పుస్తెలు తాకట్టుకు పోయేది ఎవరివో తెలిసి చేసిన చట్టం.

మన దగ్గర కథ వేరు. రమ్మీలో ప్రధానంగా నైపుణ్యమే ఉందని 1967లో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసులోనే సుప్రీంకోర్టు అన్నది. ఆ తీర్పే తర్వాత ఆన్‌లైన్ రమ్మీ కంపెనీలకు పందిరి గుంజ అయింది. 2020లో మన రాష్ట్రం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని, పోకర్‌ను నిషేధించింది. కానీ ఫోను ఎక్కడుందో చూసి తెరుచుకునే యాప్‌కు కుప్పంలో ఒక మాట, రైలెక్కి బెంగళూరులో దిగాక ఇంకో మాటగా ఉండేది. ఖాతా కొన్నాళ్లు మూసుకునే వీలు కొన్ని యాప్‌లలో ఉండేది గానీ, ఒకటి మూస్తే పక్కది పిలిచేది. అన్నిటికీ కలిపి ఒక్క గడియ మనకెప్పుడూ రాలేదు. 2025 ఆగస్టులో కేంద్రం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది. అయినా చట్టానికి జడవని విదేశీ బెట్టింగు సైట్లు ఏ జాబితా చూస్తాయి? గామ్‌స్టాప్‌కు కూడా లైసెన్సు లేనివాళ్ల మీద చెయ్యి సాగదు.

మదనపల్లె మార్కెట్లో టమాటా ధర 2023 జూలైలో ఆకాశానికెక్కి, కొద్ది వారాల్లోనే నేలకు దిగింది. పంటే పందెంలా నడిచే చోట ఫోనులో పందెం వింతగా తోచదు. కాబట్టి గడియను మన ఇళ్లలోనే బిగించుకోవాలి. కాణిపాకం నుంచి వచ్చిన సాయంత్రమే ఏటీఎం కార్డు ఇల్లాలి చేతికివ్వడం, ఫోనులో యూపీఐ తీసేయడం, అప్పిచ్చే స్నేహితులకు తానే చెప్పి రావడం. జన్మంతా అనకుండా వచ్చే సంక్రాంతి దాకా అనుకోవడం. ఆ రోజు వచ్చాక కార్డు వెనక్కి కావాలంటే, అడిగి ఒక రాత్రి ఆగడం. మధ్యలో కాలు జారితే దాచకుండా 14416కు ఫోను చేయవచ్చు. అది టెలీ మానస్, ప్రభుత్వానిదే, తెలుగులో మాట్లాడతారు. అర్ధరాత్రి చేసినా ఎత్తుతారు.