ముందుమాట: చెక్కలోని కమాను

పోయిన సంక్రాంతికి ఈ పుస్తకం రాసిన అమ్మాయి హనుమకొండలో మా ఇంటికి వచ్చింది. చేతిలో స్వీటు డబ్బాతో పాటు ఒక గుడ్డసంచి. అందులో, మంచు వాలు మీద నిలబడి జారే స్నోబోర్డు విరిగిన ముక్క, మూరెడు పొడవు, జానెడుకు కాస్త ఎక్కువ వెడల్పు. "సార్, మీరు కోసి చూస్తారని తెచ్చిన" అంది.

ముప్పై నాలుగేళ్లు ఇంజనీరింగు పిల్లలకు వర్క్‌షాపు నేర్పిన చేతులు ఊరుకుంటాయా? వైసులో బిగించి, పీచులు లేచిన కొసను కోశాను. అంచుల దగ్గర ఉక్కు తగిలింది కాబట్టి రంపం పనికిరాలేదు, హాక్సా బ్లేడు తీయాల్సి వచ్చింది. కోతను తడిగుడ్డతో తుడిచి వెలుతురుకు పెట్టి చూస్తే లోపలి సంసారమంతా కనిపించింది. పైన బొమ్మలు వేసిన పల్చని ప్లాస్టిక్ రేకు. దాని కింద గాజుపీచు గుడ్డ. నడుమ వేలి మందం కూడా లేని తేలికపాటి కర్ర, ఒకే పలక కాదు, సన్నని బద్దలను పక్కపక్కన జిగురుతో అతికించింది. మళ్లీ గాజుపీచు గుడ్డ. అట్టడుగున నల్లని పాలిథిన్ అడుగు, దాన్ని చుట్టి ఉక్కు అంచు.

నేను కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇంట్లో పుట్టినవాణ్ని. ఆ గాజుగుడ్డ చూడగానే నా చూపు నేతమీదికే పోయింది. పడుగు, పేక రెండే ఉన్న గుడ్డ వేస్తే బోర్డు మెలి తిరగడానికి కొంచెం ఒప్పుకుంటుంది, కొత్తవాళ్ల పొరపాట్లను ఓర్చుకుంటుంది. వాటికి తోడు ఐమూలగా మరో వరస పీచులు కలిపితే మెలి తిరగదు, బిర్రుగా ఉంటుంది, వేగంగా పోయేవాళ్లకు నమ్మకంగా నిలబడుతుంది. ఈ సంగతి పుస్తకం నాలుగో అధ్యాయంలో ఉంది. చదువుతుంటే మా నాయన మగ్గం ముందు కూర్చుని పోగు బిగువు చూసుకోవడం గుర్తుకొచ్చింది.

ముందుమాట రాయమన్నప్పుడు నేను వెనకాడిన మాట నిజం. వడగళ్లు తప్ప మంచు చూడని ఊరు మనది. "సార్, నేను మంచు గురించి రాయలేదు, పనిముట్టు గురించి రాసిన" అంది. ఆ ఒక్క మాటతో నా అభ్యంతరం తీరింది. పనిముట్టు ఏ దేశానిదైనా దాన్ని చేసినవాడి ఆలోచన చేతికి అందుతుంది.

స్నోబోర్డు పుట్టుక కూడా ఒక ఇంటి పెరటి పనితనమే. 1965 క్రిస్మస్ నాడు అమెరికాలో మిషిగన్ రాష్ట్రం మస్కీగన్ ఊళ్లో షెర్మన్ పాపెన్ అనే తండ్రి తన ఆడపిల్లల కోసం రెండు స్కీలను పక్కపక్కన కట్టేశాడు. దానికి ఆయన భార్య పెట్టిన పేరు స్నర్ఫర్. పట్టుకోవడానికి ముక్కున ఒక తాడు ఉండేది, పాదాలను బిగించేది ఏమీ ఉండేది కాదు. 1977లో వెర్మాంట్‌లో జేక్ బర్టన్ కార్పెంటర్ బోర్డులు చేసి అమ్మడం మొదలుపెట్టాడు. 1998 నగానో ఒలింపిక్స్ నాటికి అది పతకాల ఆట అయింది.

ఈ పుస్తకంలో నాకు బాగా నచ్చింది కమాను అధ్యాయం. ఇంగ్లీషువాళ్లు క్యాంబర్ అనేదాన్ని ఈమె లారీ కమాను పట్టీలతో చెప్పింది. ఆటోనగర్ షెడ్డులో విప్పి పడేసిన పట్టీ విల్లులా వంగి ఉంటుంది. బండికి బిగించి సరుకు ఎక్కిస్తే సాపు అవుతుంది, బరువు దించగానే మళ్లీ లేస్తుంది. కమాను బోర్డూ అంతే. నేల మీద పెడితే నడుము లేచి ఉంటుంది, ముక్కు దగ్గరా తోక దగ్గరా మాత్రమే ఆనుతుంది. మనిషి ఎక్కితే ఆ బరువు బోర్డు పొడవునా పరుచుకుని గట్టి మంచును అంచు పట్టుకుంటుంది. దీనికి తిరగేసిన వంపుది రాకర్. దాని ముక్కు, తోక పైకి లేచి ఉంటాయి కాబట్టి కొత్తగా కురిసిన మెత్తని మంచులో కూరుకుపోదు, పడవలా తేలుతుంది. గట్టి మంచు మీద మాత్రం దాని పట్టు తక్కువ. ఈ రెంటినీ కలిపి చేసినవీ, అసలు వంపే లేనివీ ఉన్నాయి. ఏది గొప్పదని ఈమె తీర్పు చెప్పలేదు. ఎలాంటి వాలు, ఎలాంటి మంచు, ఎంత అనుభవం అని మనల్నే అడిగింది. మంచి గురువు లక్షణం అది.

రెండు కొనలూ ఒకేలా ఉండేవి, ముక్కు పొడవై తోక పొట్టిగా ఉండేవి, కొండ ఎక్కేటప్పుడు నిలువునా రెండుగా విడదీసి స్కీల్లా తొడుక్కుని, దిగేటప్పుడు మళ్లీ ఒకటిగా బిగించేవి, ఇలా రకాలన్నీ పుస్తకంలో ఉన్నాయి. వాటిని నేను మళ్లీ చెప్పను.

పుస్తకాన్ని బోర్డుతో కాకుండా బూటుతో మొదలుపెట్టడం చూసి మొదట ఆశ్చర్యపోయాను. చదివాక అదే సరైనదని ఒప్పుకున్నాను. డెన్వర్‌లో ఎంఎస్ చదువుతున్న మొదటి శీతాకాలంలో ఈమె స్నేహితులతో కొండకు పోయింది. ఒక అద్దె దుకాణంలో పాదానికన్నా పెద్ద బూటు ఇచ్చారు. మందం సాక్సులు రెండు జతలు వేసుకుంటే సరిపోతుందన్నారు. వాలు మీద మడమ లోపల లేస్తుంటే కాలు చెప్పింది బోర్డు దాకా చేరలేదు. వెనక్కి పడుతూ చెయ్యి ఆనించింది, మణికట్టు విరిగింది. కొత్తవాళ్లకు ఎక్కువగా దెబ్బ తగిలేది అక్కడే. ఆ బాధలోంచి వచ్చిన అధ్యాయం కాబట్టే అందులో ప్రతి వాక్యం పనికొస్తుంది: మోకాలు వంచి నిలబడితే మడమ లేవకూడదు, వేళ్లు ముందుకు తగిలీ తగలనట్టు ఉండాలి, సాక్సు ఒక్కటే వేసుకోవాలి. బూటు పొడవైనవాళ్లు నడుము వెడల్పైన బోర్డే తీసుకోవాలి, లేకుంటే మలుపులో బూటు కొస మంచుకు రాసుకుని పడేస్తుంది.

ఇంకొకటి ప్రతి తల్లీతండ్రీ చదవాలి. పడినప్పుడు స్కీకి బూటును బిగించే బైండింగ్ ఊడి పాదాన్ని వదిలేస్తుంది, స్నోబోర్డు బైండింగ్ వదలదు. రెండు కాళ్లూ ఒకే పలకకు కట్టి ఉంటాయి. హెల్మెట్, మణికట్టు కవచం అలంకారాలు కావని ఈ ఒక్క సంగతి చాలు చెప్పడానికి.

"ఇవన్నీ మనకెందుకు" అనేవాళ్లు ఉంటారు. మనం హైదరాబాద్ పోయే దారిలోనే భువనగిరి గుట్ట ఉంది. ఆ బండ మీద తాడు పట్టడం నేర్చుకున్న గురుకుల పిల్లలు పూర్ణ, ఆనంద్ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కారు. కశ్మీర్‌లోని గుల్మార్గ్‌లో తీగల మీద నడిచే గండోలా ఎక్కితే అది అఫర్వత్ కొండ మీద సుమారు 3,900 మీటర్ల ఎత్తుకు చేరుస్తుంది, స్నోబోర్డు వేసుకుని దిగేవాళ్లు మన దేశంలోనే ఉన్నారు. కొలరాడో, యూటా, వాషింగ్టన్ రాష్ట్రాల్లో చదివే, కొలువు చేసే మన పిల్లలు ఏటా ఆ వాలుల మీదికి పోతున్నారు. వాళ్ల అమ్మ ఇక్కడ ఫోన్ పట్టుకుని "జాగ్రత్త బిడ్డా" అంటుంది. ఏ విషయంలో జాగ్రత్తో ఆమెకు తెలియజెప్పే తెలుగు పుస్తకం నా చేతికి రావడం ఇదే మొదలు.

భాష గురించి ఒక మాట. బోర్డు, బూటు, బైండింగ్ అలాగే ఉంచింది, మంచుపలక లాంటి మాటలు కల్పించి మనల్ని కష్టపెట్టలేదు. ముక్కు, నడుము, తోక, అంచు, మైనం, కమాను అని మన నోట ఉన్నవాటిని మాత్రం వదులుకోలేదు. ఈ వివేకం పెద్ద రచయితల్లోనూ అరుదు.

ఒక్క లోటు చెప్పాలి, చెప్పకపోతే గురువును కాను. సంరక్షణకు ఒకటిన్నర పేజీ చాలదు. పొడిని వేడితో అదిమి చేసిన అడుగుకు సన్నని రంధ్రాలుంటాయి, అది మైనం బాగా తాగుతుంది, వేగంగా జారుతుంది, కాని మైనం ఎండనివ్వకూడదు. కరిగించి సాగదీసిన అడుగుకు అంత సేవ అక్కర్లేదు, అంత వేగమూ రాదు. ఇంతవరకు రాసింది. ఉక్కు అంచును ఆకురాయితో ఏ కోణంలో, ఎటు నుంచి ఎటు లాగాలో, కొండ దిగి ఇంటికొచ్చాక తడి తుడవకపోతే తుప్పు ఎక్కడ మొదలవుతుందో రాయలేదు. ఆ తుప్పు ఈ ముక్క మీదే ఉంది, ఎడమ అంచున, గోరంత మేర. మొన్న ఆకురాయి పట్టి సగం తీశాను. మిగతా సగం అలాగే ఉంచాను. రెండో కూర్పు రాసే ముందు ఒకరోజు వచ్చి కూర్చో బిడ్డా, అది నీ చేత్తో తీద్దువుగాని.

హనుమకొండ