పిట్ట కొంచెం, ధర ఘనం

అడిక్‌మెట్ రెండుగదుల వాటాల్లో పిల్ల చదువుకునే బల్లే ఇస్త్రీబల్ల కూడాను! జానెడు చోటైనా అడగని 2024 నాటి మాక్ మినీ అక్కడ ముద్దొస్తే వింతేముంది? పొడవూ వెడల్పూ 12.7 సెంటీమీటర్లే. విడుదలనాటి ధర మాత్రం 59,900. తెర, కీబోర్డు, మౌసు వేరే కొనుక్కోవాలి. పోనీ, చోటుకీ ఖరీదుందనుకుందాం. నాకు మింగుడుపడనిది 256 జీబీల నిల్వని 512 చెయ్యడానికి అడిగిన మరో 20 వేలు. సికింద్రాబాద్ సీటీసీలో కట్టించుకున్న పెట్టెకైతే, చేతిలో నాలుగు డబ్బులు ఆడినప్పుడు మూత విప్పి మెమరీ పెంచుకోవచ్చు. దీనికి మెమరీ పుట్టుకతో వచ్చినంతే. స్విచ్చి అడుగున పెట్టడమొకటి, అదేం సోకో! నన్నడిగితే, చోటు లేనివాళ్ళు చౌకరకమే కొని, ఫోటోలకి బయటి డ్రైవు తగిలించుకోవాలి. చోటున్నవాళ్ళు సీటీసీకి వెళ్ళడమే నయం.