టెరాహెర్ట్జ్ జననం: తెలుగు వాక్యంలో క్రియ సమస్య

“ఫోటోడయోడ్ కాంతిని టెరాహెర్ట్జ్ తరంగాలుగా మారుస్తుంది” అనే వాక్యం తెలుగులో సులభంగా అమరుతుంది. కానీ అందులో ప్రక్రియ కనబడదు. పౌనఃపున్యంలో స్వల్పభేదం గల రెండు లేజర్ కిరణాలు కలిసినప్పుడు, వాటి ఉమ్మడి తీవ్రత ఆ భేదానికి సమానమైన పౌనఃపున్యంతో హెచ్చుతగ్గులు పొందుతుంది. 1550 నానోమీటర్ల ప్రాంతంలో తరంగదైర్ఘ్య భేదం 2.4 నానోమీటర్లయితే, పౌనఃపున్య భేదం సుమారు 0.3 టెరాహెర్ట్జ్. డయోడ్‌లోని విద్యుత్ ప్రవాహం ఆ తీవ్రతను అనుసరిస్తుంది. తరంగాన్ని వెలువరించేది యాంటెన్నా. ‘మార్చు’ అనే ఒకే క్రియ ఈ మూడు దశలనూ కప్పివేస్తుంది.

భౌతికశాస్త్ర పాఠ్యపుస్తకాలు ధ్వని విషయంలో వాడే ‘విస్పందనాలు’ అనే పదం మొదటి దశకు చక్కగా సరిపోతుంది. ‘అనుసరించు’, ‘వెలువరించు’ అనే క్రియలు తక్కిన రెండింటినీ తెలుపుతాయి. అప్పుడు ‘అతివేగ ఫోటోడయోడ్’లోని వేగం ఎవరిదో కూడా స్పష్టమవుతుంది: అది కాంతిది కాదు, ప్రవాహపు స్పందనది. రంధ్రాలు ఎలక్ట్రాన్ల కంటే మందగమనం కలవి. అందుకే 1997లో జపాన్‌లోని ఎన్‌టీటీ పరిశోధకులు, స్పందనను ప్రధానంగా ఎలక్ట్రాన్ల చలనమే నిర్ణయించే డయోడ్ నిర్మాణాన్ని ప్రకటించారు.

పరిభాషా విమర్శ నామవాచకాల దగ్గర ఆగిపోకూడదు. శాస్త్రవాక్యంలో కార్యకారణ సంబంధాన్ని మోసేది క్రియ; అది తప్పితే పారిభాషిక పదాలన్నీ సరైనవైనా వాక్యం బోధపరచదు.