లేడికూనయు మొక్కజొన్నచేనును: ‘ది ఇయర్లింగ్’ నవలావిమర్శ

కృషీవలుని కుమారుని బాల్యమును వస్తువుగా గైకొన్న ఆంగ్లనవలలలో అమెరికా రచయిత్రి మార్జొరీ కినన్ రాలింగ్స్ 1938లో వెలువరించిన ‘ది ఇయర్లింగ్’ మిక్కిలి ప్రసిద్ధము. దీనికి 1939లో పులిట్జర్ బహుమానము లభించెను. ఇయర్లింగ్ అనగా ఏడాది యీడు పశువు. ఆ పేరు కథలోని లేడికెంత తగునో, దానిని పెంచిన బాలునికిని అంత తగును.

కథాస్థలము ఫ్లోరిడాయందలి పొదల యరణ్యము. కాలము అమెరికా అంతర్యుద్ధమునకు తరువాతిది. పెన్నీ బాక్స్టర్ అను బీదరైతు అడవినడుమ చేను చేసికొని, భార్యతోను ఏకైకపుత్రుడగు జోడీతోను కాలము గడపుచుండును. ఒకనాడు పాము కరవగా అతడు ఒక ఆడులేడిని చంపి, దాని కార్జమును గాటుపై నుంచి విషమును లాగించును. తల్లి నెడబాసిన కూనను జోడీ తెచ్చి పెంచును. అది పెరిగి మొక్కజొన్న మొలకలను మేయజొచ్చును. బాలుడు మరల విత్తి కంచె నెత్తు చేసినను అది దుమికి లోనికి వచ్చును. తండ్రి దానిని కాల్చుమని యాజ్ఞాపించును; తల్లి కాల్చగా అది గాయపడును; తుదకు జోడీయే దాని ప్రాణము తీయవలసి వచ్చును.

దీనిని కరుణరసప్రధానమని చెప్పి విరమించుట సులభము. కాని ఆ శోకమునకు హేతువెయ్యది? కథలో క్రూరుడు లేడు. భార్య వలదన్నను కూనను తెచ్చుటకు అనుమతించినవాడు పెన్నీయే. అసలు హేతువు గాదెలో నున్నది. ఎలుగుబంటి పెంపుడు పందిని చంపుట, తోడేళ్లు దూడను తినుట, ఎడతెగని తుపాను పంటను పాడుచేయుట మొదలగు ఘట్టములన్నియు వేటకథలవలె దోచినను, ఒక్కొక్కటియు ఆ కుటుంబపు తిండిని కొంత తగ్గించుచునే యున్నవి. కావున తండ్రి యాజ్ఞ కోపమువలన గాక లెక్కవలన పుట్టినది.

భాగవత పంచమస్కంధమునందలి భరతోపాఖ్యానము ఇచట స్మరింపదగును. భరతుడును తల్లి లేని లేడికూనను పెంచెను. ఆ మమకారముననే మరుజన్మమున లేడియై పుట్టెను. అతడు రాజ్యమును త్యజించిన తాపసి. పోషింపవలసిన ఆలుబిడ్డలు అతనికడ లేరు. అచట మమకారమే దోషము. ఇచటనో మమకారము దోషము కాదు. అయినను ఇంటివారికి కూడు గావలెను. అది మోక్షధర్మవిచారము, ఇది గృహస్థధర్మసంకటము.

తండ్రిని ద్వేషించి పారిపోయిన జోడీ నదిపై చిన్న పడవలో ఆకలికి సొమ్మసిల్లును. ఆకలి యనగా నేమో అతనికి తెలియుట అప్పుడే. తండ్రి యాజ్ఞలోని యర్థమును మాట గాక కడుపు బోధించినది. ఇదియే ఈ నవలలోని ఉత్తమశిల్పము. ఇల్లు చేరిన కుమారునికి పెన్నీ జీవితధర్మమును వివరించు భాషణము మాత్రము పునరుక్తిదోషమునకు లోనైనది. అంతకు మున్నే రచయిత్రి చెప్పవలసినదెల్ల చెప్పినది: కథారంభమున ఊటకడ జోడీ సంతసముతో చేసిన నీటిచక్రమును, తిరిగి వచ్చుచు మరల చేసి చూచును, చక్రము తిరుగును గాని సంతసము రాదు.

బాలురకు దీనిని బోధించువారు లేడికై కన్నీరు పెట్టించుటతో తృప్తిపడరాదు. ఆ యింట తరువాతి పంటవరకు ఎంత ధాన్యము మిగిలినదో లెక్కింపజేసిన పిదప, తండ్రి చేసినది న్యాయమా యని యడుగవలెను. అప్పుడు ఉత్తరము అంత సులభముగా రాదు. ఈ నవల గొప్పతనమును అందే యున్నది.