తెలుసనుకున్న ఛానెల్: స్పెక్ట్రమ్ పంపకంలో బీమ్‌ఫార్మింగ్ పరిశోధనపై ఒక విమర్శ

ఒకరికి కేటాయించిన రేడియో పౌనఃపున్యాలను, వారికి అంతరాయం కలగకుండా మరొకరూ వాడుకోవడం స్పెక్ట్రమ్ పంపకం. పలు యాంటెన్నాల సంకేతాల దశను, పరిమాణాన్ని సర్ది, శక్తిని కోరిన దిశకు మళ్లించి, వద్దన్న దిశలో రద్దు చేయడం బీమ్‌ఫార్మింగ్. ఈ రెండింటినీ జోడించిన పరిశోధన విస్తారంగా వెలువడింది. దాని గణితం దృఢమైనదే. ఆ గణితానికి కావలసిన సమాచారం ఎక్కడి నుంచి వస్తుందన్నదే ప్రశ్న.

రుయి జాంగ్, యింగ్-చాంగ్ లియాంగ్‌ల 2008 నాటి వ్యాసం ఈ ధోరణికి మంచి ఉదాహరణ. ప్రాథమిక రిసీవర్ వద్ద అంతరాయం నిర్ణీత హద్దు దాటకుండా ద్వితీయ ట్రాన్స్‌మిటర్ సాధించగల గరిష్ఠ సమాచార వేగాన్ని అది పరిశీలించింది. ఆ రిసీవర్ వరకు గల ఛానెల్ ట్రాన్స్‌మిటర్‌కు సంపూర్ణంగా తెలుసన్నది అందులోని ఊహ. సైద్ధాంతిక హద్దును కనుగొనడానికి అది సమంజసమే. ఆ ఊహను ఆచరణలోనూ సహజమైనదిగా స్వీకరించినప్పుడే చిక్కు మొదలవుతుంది.

ఇంటి టీవీ రిసీవర్‌నే తీసుకుందాం. అది వింటుందే తప్ప ప్రసారం చేయదు. అది ఎక్కడుందో, దాని వరకు ఛానెల్ ఎలా ఉందో ద్వితీయ ట్రాన్స్‌మిటర్‌కు చెప్పేవారు లేరు. ఈ లోటును పై రచయితలు విస్మరించలేదు. ఫైఫై గావోతో కలిసి 2010లో ప్రచురించిన వ్యాసంలో, ప్రాథమిక టెర్మినళ్ల ప్రసారాన్ని విని ఛానెల్‌ను నేర్చుకునే పద్ధతిని ప్రతిపాదించారు. నేర్చుకోవడానికి వెచ్చించే కాలాన్నీ లెక్కలోకి తీసుకున్నారు. అయితే ఒకే పౌనఃపున్యంపై వంతులవారీగా మాట్లాడుతూ, వింటూ ఉండే టెర్మినళ్లకే ఆ పద్ధతి నప్పుతుంది. మౌన శ్రోతకు వర్తించదు.

ఛానెల్ అంచనాలోని దోషానికి ఒక పరిమితి విధించి రూపొందించే దృఢ బీమ్‌ఫార్మింగ్ కూడా అసలు అంచనా ఒకటి ఉందనే భావిస్తుంది. పైగా దోషశక్తి ఛానెల్ శక్తిలో 1 శాతమైతే, అంచనా ప్రకారం శూన్యమనుకున్న దిశలో అంతరాయం సగటున 20 డెసిబెల్స్ మేరకే తగ్గుతుంది. 30 డెసిబెల్స్ కావాలంటే దోషం 0.1 శాతానికి దిగాలి. యాంటెన్నాలు పెంచినంత మాత్రాన ఈ హద్దు తొలగదు.

అమెరికా నియంత్రణ చరిత్ర కూడా ఇదే పాఠం చెబుతోంది. రిసీవర్ వద్ద అంతరాయాన్ని కొలమానంగా తీసుకునే ప్రతిపాదనను ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ 2003లో చర్చకు పెట్టి, 2007లో విరమించింది. 2010లో టీవీ ఖాళీ పౌనఃపున్యాల విషయంలో, స్థాన సమాచారంతో డేటాబేస్‌ను సంప్రదించే పరికరాలకు సంకేతాలను పసిగట్టే నిబంధనను తొలగించింది. 2015లో 3550–3700 మెగాహెర్ట్జ్ శ్రేణిని మూడంచెలుగా పంచినప్పుడూ సమన్వయ భారాన్ని కేంద్రీకృత వ్యవస్థలకే అప్పగించింది.

అందువల్ల ఈ రంగంలోని సిద్ధాంత గ్రంథాన్ని పరీక్షించేటప్పుడు మూడు ప్రశ్నలు అడగడం అవసరం. ప్రాథమిక రిసీవర్ ఛానెల్ సమాచారం ఎవరు ఇచ్చారు? దాన్ని సేకరించడానికి ఎంత కాలం వెచ్చించారు? అది తప్పినప్పుడు అంతరాయ హద్దు ఎన్నిసార్లు అతిక్రమించబడింది? ద్వితీయ వినియోగదారు వేగాన్ని మాత్రమే చూపే గ్రాఫ్‌లో, నష్టపోయే పక్షానికి స్థానమే లేదు. పంపకం న్యాయమైనదో కాదో తేల్చవలసింది ఆ పక్షం వద్దనే.