కింగ్స్ పార్క్‌లో ఆట రోజు – ఒక విమర్శ

మన పత్రికలో నాటకాల మీద, భజన పోటీల మీద, అప్పుడప్పుడు పుస్తకాల మీద విమర్శలు వస్తూ ఉంటాయి. రగ్బీ మైదానం మీద విమర్శ ఏమిటని పెద్దలు కోప్పడవచ్చు. అయితే వేలమంది జనం డబ్బిచ్చి లోపలికి వెళ్ళి, వరుసలలో కూర్చుండి, ఒకే వైపు చూసి, కేకలు వేసి, ఇంటికి వచ్చి వారం రోజులు దాన్ని గురించే మాట్లాడుకొంటే అది కూడా ఒక ప్రదర్శనే గదా! ప్రదర్శన అయినప్పుడు దాని బాగోగులు చెప్పుకోవలసినదే. నా తెలుగు శనివారపు బడిలో నేర్చుకొన్న తెలుగు. రగ్బీ ఆటకు కావలసిన మాటలు మా పంతులుగారు నేర్పలేదు కనుక స్క్రమ్‌ను స్క్రమ్ అనే వ్రాస్తున్నాను. పాఠకులు మన్నించగలరు.

నన్ను వెంటబెట్టుకొని వెళ్ళినవాడు మా తమ్ముని కొడుకు. పదునాలుగేళ్ళవాడు, బడి జట్టులో ఆడుతున్నాడు. "అత్తా, నువ్వు ఈ ఊళ్ళోనే పుట్టావు, ముప్ఫై ఏళ్ళుగా పిల్లలకు పాఠాలు చెప్తున్నావు, ఒక్కసారి కూడా కింగ్స్ పార్క్ లోపలికి పోలేదంటే ఎట్లా?" అని పట్టుబట్టాడు. పోకపోవడానికి కారణం ఉన్నది. అది తరువాత చెప్తాను.

కింగ్స్ పార్క్‌ను 1958లో తెరిచారు. 1995 ప్రపంచ కప్ కోసం పెంచి కట్టారు. యాభైవేల మందికి పైగా పడతారు. దాని పేరుకు ముందు ఏదో ఒక కంపెనీ పేరు తగిలిస్తూ వచ్చారు, కొన్నేళ్ళకొకసారి మారుస్తూ ఉంటారు. ఈ మధ్య తగిలించినది ఒక పందెముల కంపెనీ పేరు. బడి పిల్లలను బస్సులలో తీసుకువచ్చే చోటికి జూదం వారి పేరు పెట్టడం నాకు నచ్చలేదు. ఈ విషయంలో నేను పాతకాలపు మనిషిననే అనుకోండి.

ఆట కన్నా ముందు బయటి తిరునాళ్ళ సంగతి చెప్పాలి. స్టేడియం చుట్టూ ఉన్న పచ్చిక మైదానాలలో కార్లు నిలుపుతారు. ఆట మొదలు కావడానికి చాలా గంటల ముందే కారు డిక్కీ ఎత్తి, మడత కుర్చీలు వేసి, నిప్పులు రాజేస్తారు. తెల్లవారి బ్రాయ్ పొగ, బూరవోర్స్ వాసన ఒకవైపు. దుప్పటిలో చుట్టి తెచ్చిన మనవారి బ్రియానీ కుండ మరొకవైపు. రెండు కార్ల అవతల ఒక జూలూ కుటుంబం వారు, వారి పక్కన బన్నీ చౌ రొట్టెను కాగితం మీద పెట్టుకొని చేతితో తింటున్న కుర్రవాళ్ళు. శనివారం కనుక నేను మాంసం ముట్టను. మా మరదలు కట్టి ఇచ్చిన పులిహోర తిన్నాను. పక్క కారులోని ఆఫ్రికానర్ ముసలావిడ అది ఏమిటని అడిగి, ఒక చెంచా రుచి చూసి, మిరపకాయకు కళ్ళ నీళ్ళు పెట్టుకొని, మళ్ళీ ఒక చెంచా అడిగింది. ఆ రోజు ప్రదర్శనలో ఎవరూ వ్రాసి ఇవ్వని భాగం ఇదే. నాకు అన్నిటికన్నా బాగున్నదీ ఇదే.

లోపలి సంగతి వేరు. అక్కడ లౌడ్‌స్పీకరు రాజ్యం. ఆట ఏ కాస్త ఆగినా పాట, పాట ఆగితే ప్రకటన, ప్రకటన ఆగితే "చప్పట్లు కొట్టండి, కేకలు వేయండి" అని ఒకాయన ఆజ్ఞ. నా చిన్నతనంలో మన సభ హాలులో హరిశ్చంద్ర నాటకం చూసేవాళ్ళం. కాటి సీనులో ఏడవమని మాకు ఎవరూ మైకులో చెప్పలేదు. పద్యం బాగుంటే వెనుక బెంచీలలోనుండి "వన్స్ మోర్" దానంతట అదే వచ్చేది, బాగుండకపోతే వేరుసెనగ పొట్టు వచ్చేది. జనం నోటికి జనమే యజమాని. ఈ మైదానంలో కూడా ఒకప్పుడు అట్లాగే ఉండేదని నాకు తెలుసు. టెండై మ్టవారిరా అనే ఆటగాడు షార్క్స్ జట్టులో ఉన్నన్నాళ్ళు, బంతి ఆయన చేతికి అందగానే స్టేడియం మొత్తం ఒక్క గొంతుతో "బీ...స్ట్" అని సాగదీసి మూలిగేది. టీవీలో విన్నా ఒళ్ళు గగుర్పొడిచేది. అది ఏ కంపెనీవారూ నేర్పిన కేక కాదు. జింబాబ్వేలో పుట్టిన ఆ నల్లవానిని డర్బన్ జనం తమవాణ్ణిగా పిలుచుకొన్న కేక. 2019 ప్రపంచ కప్ ఫైనల్ ఆడి ఆయన దేశపు జట్టు నుండి విరమించాడు. నేను వెళ్ళిన రోజున అటువంటి కేక ఒక్కటి కూడా జనంలోనుండి పుట్టలేదు. ఐర్లండ్ నుండి వచ్చిన జట్టుతో ఆట. సగం కుర్చీలు ఖాళీ. ఖాళీ కుర్చీలకు కూడా ఆయన చప్పట్లు కొట్టమని చెప్తూనే ఉన్నాడు.

ఇక ఆట. ఎనభై నిమిషాలు, జట్టుకు పదిహేనుమంది. బంతిని గీత అవతల నేలకు తాకిస్తే ట్రై, అయిదు పాయింట్లు. బంతితో ముందుకు పరుగెత్తవచ్చు, కాలితో ముందుకు తన్నవచ్చు, కాని చేతితో మాత్రం ముందుకు విసరరాదు. వెనుక ఉన్నవానికే అందించాలి. ఈ ఒక్క నియమం మీద ఆట అందమంతా నిలిచి ఉన్నది. మా అల్లుడు నా చెవిలో ఎడతెగకుండా వ్యాఖ్యానం చెప్తూ ఉంటే మెల్లగా అర్థమయింది. పరుగెత్తేవాడు తన వెనుక ఎవరు వస్తున్నారో చూడకుండానే బంతి వదులుతాడు, అక్కడ ఒకడు ఉండనే ఉంటాడు.

స్క్రమ్‌ను మాత్రం టీవీలో చూసి తీర్పు చెప్పరాదు. ఇంతకు ముందు అది నాకు ఎద్దుల కుమ్ములాట వలె కనిపించేది. దగ్గరనుండి చూస్తే వేరు. ఇటు ఎనిమిదిమంది, అటు ఎనిమిదిమంది, ఒక్కొక్క వైపు బరువు తొమ్మిదివందల కిలోల వరకు ఉంటుంది. భుజాలు కలిపి, తలలు వంచి, రెఫరీ మాట కోసం వంగి నిలబడతారు. ఆ క్షణంలో లౌడ్‌స్పీకరు కూడా నోరు మూసింది. వాళ్ళ ఊపిరి వినిపించిందంటే నమ్మండి. చెరకు తోట బరాకులలో సాయంత్రం పూట చెడుగుడు ఆడేవారని మా తాత చెప్పేవారు. కూత ఆగకుండా ఊపిరి బిగబట్టడమే అందులో సగం విద్య అనేవారు. నాకు అదే జ్ఞాపకం వచ్చింది. ఆటగాళ్ళ విషయంలో నాకు ఏ ఫిర్యాదూ లేదు. వారి చుట్టూ పేర్చిన గోల మీదనే ఫిర్యాదు.

నేను ఇంతకాలం ఎందుకు రాలేదంటే, మా నాయన కారణం. ఆయన డర్బన్ కార్పొరేషనులో వీధులు ఊడ్చేవారు. మ్యాగజైన్ బరాక్స్‌లో పుట్టి పెరిగారు. సొమ్ట్సూ రోడ్డులోని ఆ బరాకులలో కార్పొరేషను పనివాళ్ళైన తెలుగువారు, తమిళులు ఉండేవారని మన పాఠకులలో చాలామందికి చెప్పనక్కరలేదు. అక్కడినుండి కింగ్స్ పార్క్‌కు నడిచి పోవచ్చు. 1962లో బ్రిటిష్ లయన్స్ జట్టు వచ్చినప్పుడు నాయన ఒకే ఒకసారి వెళ్ళారు. తెల్లవారు కానివారికి వేరుగా ఒక మూల. ఆ మూలనుండి మనవారూ, ఆఫ్రికన్లూ కలిసి లయన్స్ గెలవాలని అరిచారట. దేశమంతటా ఆ మూలలు అట్లాగే అరిచేవి. దక్షిణాఫ్రికా 3–0తో గెలిచింది. తరువాత గ్రూప్ ఏరియాస్ చట్టం కింద బరాకులు ఖాళీ చేయించి మనవారిని చాట్స్‌వర్త్‌కు తోలారు. మైదానం దూరమయింది.

1976లో న్యూజీలాండ్ వారు వచ్చారు. సొవెటోలో పిల్లలను కాల్చి అప్పటికి అయిదారు వారాలు. ఆ పర్యటన కారణంగానే ఆఫ్రికా దేశాలు మాంట్రియల్ ఒలింపిక్సును బహిష్కరించాయి. మొదటి టెస్టు కింగ్స్ పార్క్‌లోనే, జులై 24న. నాకు అప్పుడు ఆరేళ్ళు. మా ఇంట్లో టీవీ లేదు, ఈ దేశానికి టీవీ వచ్చిందే ఆ సంవత్సరం. నాయన రేడియో దగ్గర కూర్చుండి న్యూజీలాండ్ గెలవాలని కోరుకొన్నారు. 16–7తో స్ప్రింగ్‌బాక్స్ గెలిచారు. నాయన రేడియో కట్టేసి, పెరటిలో కరివేపాకు చెట్టుకు నీళ్ళు పోయడానికి వెళ్ళిపోయారు. నీళ్ళు పారి పారి పక్క ఇంటివారి పెరటిలోకి పోయేదాకా అక్కడే ఉన్నారు. మామూలు కాని సమాజంలో మామూలు ఆట ఉండదని ఆ రోజులలో సాకోస్ వారు చెప్పేవారు. మా ఇంట్లో ఆ మాటకు వివరణ అక్కరలేకపోయింది.

1995 జూన్ 17న ప్రపంచ కప్ సెమీఫైనల్ ఇదే మైదానంలో, ఫ్రాన్సుతో. ఆ రోజు వర్షానికి మైదానం చెరువయింది. ఆట జరగకపోతే క్రమశిక్షణ లెక్క ప్రకారం ఫ్రాన్సు ఫైనల్‌కు పోయేది, ఎందుకంటే అంతకు ముందు కెనడాతో ఆటలో మనవాడు ఒకణ్ణి బయటికి పంపారు. అప్పుడు నల్లజాతి స్త్రీలు చీపుళ్ళు పట్టుకొని మైదానంలోకి దిగి నీళ్ళు ఊడ్చారు. గంటకు పైగా ఆలస్యంగా ఆట మొదలయింది. 19–15. చివరి నిమిషాలలో బెనాజ్జీ గీతకు జానెడు దూరంలో ఆగిపోయాడు. మేము ఇంట్లో టీవీలో చూస్తున్నాం. నాయన ఆటగాళ్ళను గురించి ఒక్క మాట అనలేదు. ఆ స్త్రీలను చూసి మాత్రం, "చీపురు పట్టడం తెలిసినవాళ్ళు. నీళ్ళను ఎదురు తోయరు, పక్కకు తీస్తారు" అన్నారు.

వారం తరువాత ఎల్లిస్ పార్క్‌లో 15–12తో ఫైనల్ గెలవడం, మండేలాగారు ఆరో నంబరు జెర్సీ వేసుకొని కప్పు అందించడం లోకానికంతా తెలుసు. దానిమీద 2009లో ఈస్ట్‌వుడ్ తీసిన "ఇన్విక్టస్" సినిమాను మా బడిలో పిల్లలకు చాలాసార్లు చూపించాను. మంచి సినిమానే. అయితే ఒకే మనిషి మంచితనంతో దేశం ఒక మధ్యాహ్నంలో నయమైపోయినట్లు చూపడం నాకు సమ్మతం కాదు. ఫైనల్ ఆడిన పదిహేనుమందిలో తెల్లవాడు కానివాడు చెస్టర్ విలియమ్స్ ఒక్కడే. నల్లవాడైన సియా కొలిసి కెప్టెన్‌గా కప్పు ఎత్తడానికి 2019 దాకా పట్టింది. ఆ సినిమాకు ఆధారమైన జాన్ కార్లిన్ పుస్తకం ఈ విషయంలో మేలు. మండేలాగారు జైలులోనే ఆఫ్రికాన్స్ నేర్చుకొని, రగ్బీ సంగతులు తెలుసుకొని, కాపలావారితో మాట కలిపిన ఏళ్ళ తరబడి శ్రమ అందులో కనిపిస్తుంది. పెద్దయ్యాక ఒక భాష నేర్చుకోవడం ఎంత కష్టమో ఎరిగిన పంతులమ్మను కనుక నాకు ఆ అధ్యాయాలే ఎక్కువ నచ్చాయి.

స్టేడియంలో 1995ను గుర్తు చేసే మాటలు ఆ రోజు కూడా మైకులో వచ్చాయి. చీపుళ్ళ మాట రాలేదు. ఆ పక్కనే కంట్రీ క్లబ్బు ఉన్నది. 1963లో నాటల్ ఓపెన్ గోల్ఫ్ గెలిచిన పాప్వా సెవ్‌గోలమ్‌ను లోపలికి రానివ్వక, వర్షంలో నిలబెట్టి కప్పు ఇచ్చిన చోటు అది. ఈ రెండు వర్షాల సంగతి మా అల్లునికి చెప్పాను. వాడికి రెండోది తెలియదు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "అయితే నేను ఎవరికి కేక వెయ్యాలి అత్తా?" అని అడిగాడు. వాడి ఒంటిమీద షార్క్స్ నల్ల జెర్సీ. నీ జట్టుకే వెయ్యరా అన్నాను. అనేటప్పుడు నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

రెండో సగంలో మా ఎదుటి మూలలోనే ట్రై పడింది. స్క్రమ్ నుండి బంతి చేతులు మారి మారి గీత దాకా వచ్చింది. ఎప్పుడు లేచానో తెలియదు, లేచి నిలబడి ఉన్నాను. చెంగు పక్క సీటులో చిక్కుకొన్నది. మైకులో ఎవరో ఏదో అరుస్తున్నారు గాని నాకు వినబడలేదు.

ఆట ముగిశాక చిన్నపిల్లలను మైదానంలోకి వదులుతారు. అది మంచి ఆచారం. అన్ని రంగుల పిల్లలు బంతులు పట్టుకొని చీకటి పడేదాకా పరుగెత్తుతూ ఉంటారు. మేము బయటికి వస్తూంటే స్టాండులో ఊడ్చేవాళ్ళు దిగారు. అందరూ నల్లజాతి స్త్రీలే.

ఇంటికి వచ్చి నాయన గదిలోకి వెళ్ళాను. ఆయనకు ఎనభై దాటి చాలా ఏళ్ళయింది. కోపంగా ఉంటారేమోనని జంకుతూనే కూర్చున్నాను.

"ఎక్కడ కూర్చున్నావమ్మా?" అని అడిగారు.

"నీడలో, నాయనా. నడిమి గీతకు ఎదురుగా."

"మాకు ఎండ కళ్ళలో పడేది. బంతి పైకి లేస్తే కనపడేది కాదు." కొంచెం ఆగి, "స్క్రమ్ దగ్గరగా కనిపించిందా?" అన్నారు.

కనిపించిందన్నాను. అయితే చెప్పమని కుర్చీ ముందుకు లాక్కొన్నారు.